క్యాబేజీకి కాపలాగా ఆవ: పర్లాకిమిడి పెరటి సంగతులు

నవంబర్ మొదట్లో: క్యాబేజీ నారు నాటడానికి రెండు వారాల ముందే మడి అంచుల్లో ఆవాలు చల్లాను, పురుగు క్యాబేజీని వదిలి ఆవ మీద వాలుతుందని. పొలాలకైతే 25 వరసల క్యాబేజీకి ఒక జంట ఆవ వరస చాలంటారు. అందులో మొదటిది నాటడానికి 15 రోజుల ముందు, రెండోది నాటిన 25 రోజులకు వేయాలి. మన పెరట్లో అన్ని వరసలెక్కడివి? అందుకే చుట్టూ వేశాను. విత్తనం కొనలేదు, పోపుల డబ్బాలోవే మొలిచాయి.

డిసెంబర్: క్యాబేజీని పాడుచేసే చిన్న రెక్కల పురుగు, డైమండు రెక్క పురుగు దిగింది. చీకటి పడ్డాక టార్చి వేసి చూస్తే ఆవాకుల మీదే ఎక్కువ. క్యాబేజీ మీద అసలు లేవని మాత్రం అనను. పిల్ల పురుగు ఆకులో పచ్చదనం గీకి తిని, పల్చటి పొర వదిలేస్తుంది. ముట్టుకుంటే గిలగిల్లాడి దారం మీద కిందికి జారుతుంది.

ఇదంతా వాసన పని. ఆవ, క్యాబేజీ, ముల్లంగి ఒకే కుటుంబం. ఆకు నలిగితే అందులోని గ్లూకోసినోలేట్లనే పదార్థాలకు మైరోసినేజ్ అనే ఎంజైమ్ తగిలి ఐసోథయోసయనేట్లు పుడతాయి. ఆవపిండి నూరితే ముక్కుకెక్కే ఘాటు అదే. చాలా పురుగులకు అది విషం. ఈ రెక్కల పురుగు మాత్రం మీసాలతో ఆ వాసన పట్టి వచ్చి గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగుల పొట్టలో ఘాటు పుట్టకుండానే అడ్డుకునే మరో ఎంజైమ్ ఉందని 2002లో తేలింది. మొక్క కాపలా పెట్టుకుంటే, దొంగకు అదే చిరునామా అయింది!

ఆవ వేసి ఊరుకుంటే పురుగులకు నర్సరీ పెట్టినట్టే. 50 గ్రాముల వేపగింజల పొడిని లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ముందు ఆవ మీదే కొడుతున్నా. అంచులే కాబట్టి చిన్న స్ప్రేయరు సరిపోతోంది.

పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) "బాబూ, సాగుకి నాలుగు లేతాకులియ్యి" అంది. సాగు అంటే వాళ్ల భాషలో ఆకుకూర. కషాయం కొట్టని మూల చూపించాను. గిల్లినచోట వాసన ఇంకా పెరుగుతుంది, నాకూ లాభమే.

కొత్తిమీర వాసనకు పురుగు పారిపోతుందని చాలామంది నమ్ముతారు. నాకంత నమ్మకం లేదు. ఫించ్, కాలియర్ అనే శాస్త్రవేత్తలు 2000లో వేరే మాట చెప్పారు: పక్కన ఏ పచ్చటి ఆకున్నా పురుగు పొరపాటున దానిమీద వాలి, దారి తప్పుతుందట. అదే నిజమైతే కొత్తిమీర ఒత్తుగా ఉండాలి. నాది పల్చగా మొలిచింది, తేల్చలేను.

జనవరి: మొదటి ఆవ పూతకొచ్చి పేనుబంక పట్టింది, పీకేశాను. రెండో విడత ఆవ ఎదిగింది. క్యాబేజీ బయటి ఆకులు కొన్ని పాడయ్యాయి గానీ గడ్డలు గట్టిపడుతున్నాయి.