పెద్దల పథ్యం, పసిదాని గిన్నె

బెంగళూరు మారతహళ్లిలోని మా ఇంట్లో ఈ మధ్య పాల ప్యాకెట్ మారింది. మావారి రక్తపరీక్షలో చెడు కొలెస్ట్రాల్ హద్దు దాటిందని తేలగానే ఇంటిల్లిపాదికీ డబుల్ టోన్డ్ పాలే రావడం మొదలైంది; ఏడాదిన్నర వయసున్న మా అమ్మాయికీ అవే. హిందూపురం నుంచి వచ్చిన మా అత్తగారు మాత్రం పప్పన్నం మెత్తగా పిసికి, మేము చూడనప్పుడు అందులో కరిగిన నెయ్యి కలిపి తినిపిస్తున్నారు. పట్టుబడిన రోజున ఆవిడ తడుముకోలేదు. “పెద్దోనికి జబ్బైతే పసిదానికి పథ్యమేందమ్మా?” అన్నారు.

లెక్క వేసి చూస్తే ఆవిడ మాటే నెగ్గింది. డబుల్ టోన్డ్ పాలలో కొవ్వు 1.5 శాతం, ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం. 200 మిల్లీలీటర్ల గ్లాసులో తేడా 9 గ్రాములు. గ్రాముకు 9 కేలరీల చొప్పున 81 కేలరీలు. నాలుగు ముద్దలకే నిండిపోయే పొట్టకు ఇది చిన్న మొత్తం కాదు. తల్లిపాలలోనే దాదాపు సగం శక్తి కొవ్వు నుంచి వస్తుంది. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలన్నా, మెదడులో నరాల తంతువులపై మైలిన్ తొడుగు ఏర్పడాలన్నా కొవ్వు ఉండాలి.

రెండేళ్లలోపు పిల్లలకు కొవ్వు తగ్గించవద్దని అమెరికా శిశువైద్యులు చాలాకాలం గట్టిగా చెప్పారు; అసలు తగువు ఆ తరువాతి వయసు గురించే. రెండేళ్లు దాటినవారికి ఆహారం నుంచి అందే శక్తిలో 30 శాతానికి మించి కొవ్వు నుంచి రావద్దని 1990ల తొలినాళ్లలో అమెరికా అంటే, ఎదుగుదల పూర్తయ్యేలోగా క్రమంగా ఆ స్థాయికి చేరితే చాలని 1993లో కెనడా నిపుణులు అన్నారు. నాకు కెనడా మాటే సబబుగా తోస్తుంది. అయితే ఫిన్లాండ్‌లోని తుర్కులో 1990లో మొదలైన అధ్యయనాన్ని తీసిపారేయలేము. అక్కడ ఏడు నెలల వయసు నుంచే తల్లిదండ్రులకు సంతృప్త కొవ్వు (చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే రకం) తగ్గించమని సలహాలిచ్చినా పిల్లల ఎదుగుదల కుంటుపడలేదు. కాని ఏడాది నిండాక వెన్న తీసిన పాలు తాగిన ఆ పిల్లలకు, కొవ్వు మరీ తగ్గకుండా, రెండేళ్లు వచ్చేదాకా ఆహారంలో రోజూ రెండు మూడు చెంచాల నూనె కలిపించారు. మా అత్తగారికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆవిడ ముఖం చూడవలసింది!

నెయ్యిలో అధికభాగం సంతృప్త కొవ్వేనన్నది కాదనలేను. అందుకే మా పెద్ద పిల్లవాడికి, ఎనిమిదేళ్లు కాబట్టి, వేరుశనగ నూనెతో తాలింపు, టోన్డ్ పాలు సరిపోతాయని నా అభిప్రాయం. వాడి విషయంలో నాకు బెంగ నెయ్యి గురించి కాదు, వీధి చివరి బేకరీలోని పఫ్ గురించి. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ (వనస్పతి లాంటివాటిలో ఉండే హానికర కొవ్వు) 2 శాతానికి మించరాదని 2022 నుంచి నిబంధన ఉన్నా, కాగితం సంచికి అంటిన జిడ్డు చూస్తే అందులో ఏం వాడారో చెప్పలేము.

ఇప్పుడు మా గుమ్మం ముందు రోజూ రెండు రకాల ప్యాకెట్లు పడుతున్నాయి. పసిదానికి పూటకు అర చెంచా నెయ్యి అని అందరం ఒప్పుకున్నాము; ఏ చెంచాతో అన్నది మాత్రం ఇంకా తేలలేదు.