క్లాక్ రేట్ వేరు, బ్యాండ్‌విడ్త్ వేరు

సిస్కో రౌటర్ సీరియల్ పోర్టులో క్లాక్ రేట్, బ్యాండ్‌విడ్త్ వెంటవెంటనే కొడతాం కాబట్టి రెండూ ఒకే పని చేస్తాయని చాలామంది అనుకుంటారు. లైను మీద బిట్లు ఎంత వేగంగా నడవాలో తేల్చేది క్లాక్. బ్యాండ్‌విడ్త్ అనేది ఓఎస్‌పీఎఫ్‌కీ, ఈఐజీఆర్‌పీకీ (ట్రాఫిక్ ఏ దారిన వెళ్లాలో రౌటర్లు తేల్చుకునే ప్రోటోకాళ్లు) మనం చెప్పే లెక్క మాత్రమే. అక్కడ 2048 అని రాసినంత మాత్రాన 64కే (సెకనుకి 64 కిలోబిట్ల) లైను పరుగెత్తదు.

ముందు క్లాక్ సంగతి. మన ఒడిశా వైపు బరంపురం, గుణుపూర్ కుర్రాళ్లు పాత 1841, 2811 మోడల్ రౌటర్లు తెచ్చుకుని ఇంట్లో ల్యాబ్ పెట్టుకుంటే రెండింటినీ నేరుగా సీరియల్ కేబులుతో కలుపుతారు. కేబులులో ఒక కొస డీసీఈ (క్లాక్ ఇచ్చేది), ఇంకో కొస డీటీఈ (క్లాక్ తీసుకునేది). క్లాక్ ఇవ్వాల్సింది డీసీఈ వైపే. కొస మీది లేబుల్ చెరిగిపోయి ఉంటే 'షో కంట్రోలర్స్ సీరియల్ 0/0/0' కొట్టండి, 'వీ.35 డీసీఈ' అనో 'డీటీఈ' అనో అదే చెబుతుంది. డీసీఈ అని వస్తే ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్లి 'క్లాక్ రేట్ 64000', ఆ తర్వాత 'నో షట్‌డౌన్'. డీటీఈ వైపు అదే కమాండ్ కొడితే ఇది డీసీఈ ఇంటర్‌ఫేసులకే వర్తిస్తుందని ఎర్రర్ వస్తుంది, తీసుకోదు. పాత రౌటర్లలో క్లాక్ పెట్టకపోతే లైన్ ప్రోటోకాల్ డౌన్‌లోనే ఉండిపోతుంది. కొన్ని రౌటర్లు 2000000 తామే పెట్టేసుకుంటాయి కాబట్టి ల్యాబులో అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

టెలికాం కంపెనీ నుంచి అద్దెకి తీసుకున్న అసలు లీజ్‌డ్ లైను మీద ఈ కమాండుతో పనే లేదు. అక్కడ మోడెమో, జీ.703 కన్వర్టరో డీసీఈ అవుతుంది, రౌటర్ డీటీఈ. క్లాక్ లైను నుంచి రావాలి. రెండు కొసల మోడెములనీ 'ఇంటర్నల్' క్లాక్ మీద పెట్టేస్తే రెండు గడియారాలూ కాస్త కాస్తగా పక్కకి జరుగుతాయి. లింకు అప్ అనే చూపిస్తుంది గానీ 'షో ఇంటర్‌ఫేసెస్'లో సీఆర్‌సీ, ఫ్రేమ్, అబార్ట్ ఎర్రర్లు (చెడిపోయి వచ్చిన డేటా లెక్కలు) పెరుగుతూ పోతాయి. 'క్లియర్ కౌంటర్స్' కొట్టి పది నిమిషాలు చూడండి. అంకె మళ్లీ కదిలితే మోడెం క్లాక్ సెట్టింగు, కేబుల్, ఎర్తింగు, ఈ వరసలో వెతకాలి. మన వైపు వేసవి పిడుగుల తర్వాతైతే ఎర్తింగునే ముందు చూడటం మేలు.

ఇక బ్యాండ్‌విడ్త్. క్లాక్ తప్పయితే లింకో, ఎర్రర్ల అంకెలో చెప్పేస్తాయి. ఇది తప్పయితే ఎవరూ చెప్పరు, అందుకే నా లెక్కలో ఇదే ఎక్కువ ప్రమాదం. మొదటి చిక్కు యూనిట్లది. క్లాక్ రేట్ బిట్లలో, బ్యాండ్‌విడ్త్ కిలోబిట్లలో. 64కే లైనుకి 'క్లాక్ రేట్ 64000', 'బ్యాండ్‌విడ్త్ 64'. అలవాటు కొద్దీ 'బ్యాండ్‌విడ్త్ 64000' అని కొడితే రౌటర్ కిక్కురుమనదు, 64 మెగాబిట్ల లైను అనుకుని ఓఎస్‌పీఎఫ్ కాస్ట్ (దారి ఖర్చు; ఇది తక్కువున్న దారినే ట్రాఫిక్ పడుతుంది) 1 వేసేస్తుంది.

అసలేమీ పెట్టకపోతే సాధారణంగా 1544 ఉంటుంది. అది అమెరికాలోని టీ1 లైను వేగం. మన దగ్గర నడిచేది ఈ1, అంటే 2048. ఉదాహరణకి రాయగడ నుంచి గుణుపూర్‌కి రెండు మెగాల లైను, గుణుపూర్ నుంచి పర్లాకిమిడికి ఇంకో రెండు మెగాల లైను, రాయగడ నుంచి పర్లాకిమిడికి నేరుగా 64కే బ్యాకప్ ఉన్నాయనుకుందాం. ఏమీ పెట్టకపోతే ఒక్కో లింకు కాస్ట్ 64. గుణుపూర్ మీదుగా వెళ్తే 128, నేరుగా 64. ట్రాఫిక్ అంతా బ్యాకప్ మీదే పడి కూర్చుంటుంది. సరైన అంకెలు పెడితే నేరుగా వెళ్లే దారి 1562, గుణుపూర్ దారి 48, 48 కలిపి 96. అప్పుడు గానీ ట్రాఫిక్ సరైన దారి పట్టదు. రెండు కొసల్లోనూ పెట్టాలి; ఒకవైపే పెడితే వెళ్లేది ఒక దారి, వచ్చేది ఇంకో దారి.

లైను ఎంత నిండిందో చెప్పే లోడ్ కూడా ఈ అంకె మీదే లెక్కేస్తారు. 64కే లైను నిండా కిక్కిరిసి ఉన్నా, బ్యాండ్‌విడ్త్ 1544గా వదిలేస్తే టిఎక్స్‌లోడ్ (పంపే వైపు లోడ్, 255 అంటే నిండా) సుమారు 10/255 చూపిస్తుంది. ఖాళీగానే ఉంది కదా అని ఫిర్యాదు పక్కన పెట్టేస్తారు, అవతల బ్యాంకు బ్రాంచిలో క్యాషియర్ స్క్రీన్ తిరుగుతూనే ఉంటుంది. ఈఐజీఆర్‌పీ అయితే ఇంకో మెట్టు: డిఫాల్ట్‌గా బ్యాండ్‌విడ్త్‌లో సగం దాకా తాను వాడుకోవచ్చనుకుంటుంది. 1544లో సగం 772, ఉన్నదేమో 64. లింకు ఊగిసలాడుతున్నప్పుడు దాని అప్‌డేట్లే లైనంతా నింపేయగలవు.

రౌటర్ వదిలే ముందు 'రైట్ మెమరీ' కొట్టండి. కరెంటు ఒక్కసారి పోయి వచ్చిందంటే పెట్టినవన్నీ పోతాయి, మళ్లీ 1544.