కాపరులు మళ్లీ మంద దగ్గరికే వెళ్లారు

ప్రభువు నామంలో అందరికీ వందనాలండి. క్రిస్మస్ అయిపోయింది, స్టార్ దించేశాం, పశువుల పాక బొమ్మలు అట్టపెట్టెలో సర్దేశాం, క్వైర్ ప్రాక్టీసులు కూడా లేవు, అందుకే ఈ మాట ఇప్పుడు రాస్తే బాగుంటుందనిపించింది.

బైబిల్లో లూకా సువార్త 2వ అధ్యాయంలో, యేసు పుట్టిన రాత్రి దూతలు పాడిన పాట, అదే 14వ వచనం, మనలో చాలామందికి కంఠతా వచ్చు. 20వ వచనం దగ్గర మాత్రం ఎవరం పెద్దగా ఆగం. కాపరులు "దేవుని మహిమపరచుచు స్తోత్రము చేయుచు తిరిగి వెళ్లిరి" అని ఉంటుంది అక్కడ. రాత్రిపూట మంద కాసుకునేవాళ్లు ఇంకెక్కడికి వెళ్తారండి, మంద దగ్గరికే. లోక రక్షకుణ్ణి కళ్లారా చూసొచ్చిన వాళ్లకి మర్నాడు కూడా అవే గొర్రెలు, అదే కాపలా. స్తోత్రం మాత్రం వాళ్ల వెంటే వెళ్లింది. నాకు ఈ వచనం చాలా ఇష్టం.

యేసు ప్రభువు సంగతే చూడండి. పన్నెండేళ్లప్పుడు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చున్న ఆయన, తర్వాత నజరేతుకి వెళ్లి తల్లిదండ్రులకి లోబడి ఉన్నాడు, పరిచర్య మొదలుపెట్టేసరికి సుమారు 30 ఏళ్లు, ఊరివాళ్లకి ఆయన వడ్లవాడు, అంతే. ఆ మధ్య సంవత్సరాల గురించి సువార్తల్లో దాదాపు ఏమీ లేదు. అయినా బాప్తిస్మం రోజున, ఇంకా ఒక్క రోగిని బాగుచేసినట్టు కూడా రాయకముందే, నీయందు నేను ఆనందిస్తున్నానని తండ్రి చెప్పాడు! ఎవరూ చూడని ఆ పని రోజులన్నీ తండ్రి చూశాడన్నమాట.

అదే లూకా 3వ అధ్యాయంలో జనం బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికొచ్చి మేమేం చెయ్యాలి అని అడుగుతారు. ఆయన ఉపవాసాల లిస్టు ఇవ్వలేదు, అరణ్యానికి వచ్చెయ్యమనీ అనలేదు. రెండు అంగీలుంటే లేనివాడికి ఒకటి ఇవ్వు అన్నాడు. పన్ను వసూలు చేసే సుంకరులతో నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చెయ్యొద్దన్నాడు, సైనికులతో ఎవర్నీ బెదిరించొద్దు, అబద్ధపు నేరం మోపొద్దు, మీ జీతంతో తృప్తిగా ఉండండి అన్నాడు. గమనించారా, సుంకరిని ఉద్యోగం మానెయ్యమని చెప్పలేదు, ఆ సుంకపు మెట్టు దగ్గరే నిజాయితీగా కూర్చోమన్నాడు. నన్నడిగితే మారుమనస్సు అంటే ఏంటో ఇంత సూటిగా చెప్పిన చోట్లు బైబిల్లో తక్కువ. మన విషయంలో అది ఖర్చుల బిల్లులో ఎక్కువ రాయకపోవడం కావచ్చు, కింద పనిచేసే వాళ్ల జీతం చెప్పిన రోజుకి ఇచ్చెయ్యడం కావచ్చు, తప్పు పక్కవాళ్ల మీదకి నెట్టకుండా అది నేనే చేశాను సార్ అని ఒప్పుకోవడం కావచ్చు.

ఇంట్లో అయితే ఇంకా కష్టమండి. పని నుంచి అలిసిపోయి వస్తాం, వయసైపోయిన అమ్మ పొద్దున అడిగిందే మళ్లీ అడుగుతుంది, ఫోన్లోంచి తల ఎత్తకుండా "చెప్పాను కదా" అని కసురుతాం. అక్కడ ఫోన్ పక్కన పెట్టి, ఆమె మొహంలోకి చూసి, మొదటిసారి విన్నట్టే జవాబు చెప్పడం, అది కూడా దేవునికి ఆరాధనే అని నేను గట్టిగా నమ్ముతాను.

డిసెంబర్ 26 చాలా సంఘాల క్యాలెండర్లో స్తెఫను రోజు. ఆయన్ని మనం మొదటి హతసాక్షిగా, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన మొదటివాడిగా గుర్తుపెట్టుకుంటాం, కానీ అపొస్తలుల కార్యములు 6లో సంఘం ఆయన్ని ఏర్పరచుకున్నది దేనికి? విధవరాళ్లకి రోజూ పంచే భోజనంలో ఎవరికీ అన్యాయం జరగకుండా చూడ్డానికి. దానికి కూడా ఆత్మతోను జ్ఞానముతోను నిండినవాళ్లే కావాలన్నారు అపొస్తలులు. క్రిస్మస్ ప్రోగ్రాంలో స్టేజి ఎక్కలేదే అని బాధపడేవాళ్లు ఆ అధ్యాయం ఈ వారం ఒకసారి చదవండి, చదివాక మీ సంఘంలో మందులు తెచ్చిపెట్టే మనిషి లేని పెద్దవాళ్లు ఎవరున్నారో పాస్టర్ గారిని అడగండి.