37 మ్యాచ్‌ల తర్వాత వెనక్కి

కెనడాలోని ఎడ్మంటన్ వచ్చిన కొత్తలో, 2014 చలికాలంలో, ఆఫీసు వాళ్లు ఇక్కడి ఐస్ హాకీ జట్టు ఆయిలర్స్ మ్యాచ్‌కి లాక్కెళ్లారు. నాకైతే పక్ (బంతి బదులు ఆడే బిళ్ల) ఎక్కడుందో కూడా కనిపించలేదు. పక్క సీటు పెద్దాయన మాత్రం ఒక్క కుర్రాడినే చూస్తూ గొణుగుతున్నాడు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోట) మూడో నంబరుగా తీసుకున్న జర్మన్ పిల్లాడు, లియోన్ డ్రైసైటిల్.

"సెంటర్, అంటే మధ్యలో ఆడేవాడు, గోల్స్ కొడితే చాలదు. ఆట మొదలెట్టేటప్పుడు పక్ కోసం ఇద్దరు పోటీపడే ఫేస్‌ఆఫ్ గెలవాలి, మళ్లీ మన గోల్ దాకా వెనక్కొచ్చి డిఫెన్స్‌కి సాయపడాలి. ఈ వయసుకి అది పెద్ద బరువు" అన్నాడాయన.

37 మ్యాచ్‌లు, 2 గోల్స్. జూనియర్ లీగ్‌కి తిప్పి పంపారు. నేనూ నలుగురితో పాటు 'వృథా పిక్' అనేశాను, ఆట పూర్తిగా అర్థం కాకుండానే! అతను జూనియర్ జట్టు కెలోనాకి ఆడి, జూనియర్ల పెద్ద టోర్నీ మెమోరియల్ కప్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. తర్వాతి సీజన్ మొదలుపెట్టింది కూడా బేకర్స్‌ఫీల్డ్‌లో, మైనర్ లీగ్‌లోనే. 2019-20కి వచ్చేసరికి 110 పాయింట్లు (గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి), లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ.

ఈ కథ ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. మొన్న మావాణ్ణి కోచ్ కింది టీమ్‌కి మారిస్తే మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు. వాడు హాయిగా పడుకున్నాడు.