మాటలు తేటగా వినపడే హాలు

కోనసీమలో మా అమ్మానాన్నల ఇంట్లో హోమ్ థియేటర్ పెడదామంటే, మేడ మీద గది ఖాళీగా ఉందిగా అన్నారందరూ. నేను వద్దన్నాను. న్యూజెర్సీలో మా బేస్‌మెంట్‌లో అలాంటి గదే ఉంది. పిల్లలు తలుపేసుకుని కూర్చుంటే అన్నానికి పిలిచినా పలకరు. సెలవులకి ఇంత దూరం తీసుకొచ్చేది నానమ్మ, తాతయ్యల మధ్య కూర్చోబెట్టడానికే కదా. అందుకే హాల్లోనే పెట్టించాను.

హాలంటే అందరూ తిరిగే చోటు. ఒక పక్క వంటింట్లోకి దారి, ఇంకో పక్క సంక్రాంతికి అమ్మ బొమ్మల కొలువు పెట్టే గోడ. అక్కడ నేల మీద ఏదీ అడ్డు ఉండకూడదు. కాబట్టి వెనక స్పీకర్లకి స్టాండ్లు మానేసి, సోఫాకి కాస్త వెనగ్గా, కూర్చున్నవాళ్ల చెవుల కంటే 2 అడుగుల ఎత్తున గోడలకి బిగించాం. 65 అంగుళాల టీవీకి, సోఫాకి మధ్య 8 అడుగులు వచ్చింది, ఆ సైజుకి సరిపోతుంది. టీవీ పొట్టి బల్ల మీదే ఉంది. గోడకి ఎత్తుగా తగిలిస్తే కింద కూర్చునే పిల్లలకి మెడ నొప్పి.

నేను గట్టిగా పట్టుబట్టింది మధ్య స్పీకర్ దగ్గర. అయిదు స్పీకర్లు, అదిరే శబ్దాలకి విడిగా ఇంకోటి ఉండే 5.1 సెట్లో సినిమా మాటలు చాలావరకు దాన్లోంచే వస్తాయి. బాంబు పేలితే సోఫా అదరాలన్న సరదా నాకు లేదు. అమెరికాలో పుట్టిన నా పిల్లలకి తెలుగు స్పష్టంగా చెవిన పడాలి. వినికిడి తగ్గిన నాన్నగారికీ అదే కావాలి. స్పీకర్లన్నిటికీ శబ్దం పంపే పెట్టె, అంటే రిసీవర్, దాని సెట్టింగుల్లో ఆ ఒక్క స్పీకర్‌నే 3 డెసిబెల్స్ పెంచాం. అయినా టైల్స్ నేలకి, ఉత్త గోడలకి కొట్టుకుని శబ్దం తిరిగొచ్చి మాటలు ముద్దగా వినిపించేవి. కిటికీలకి మందపాటి పరదాలు వేసి, కొబ్బరి పీచు చాపల మీద జంపఖానా పరిచాక మాట తేటపడింది.

రిసీవర్ మాత్రం అమెరికా నుంచి మోసుకురాకండి. అక్కడ కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. ఇక్కడే కొని, వేడి పోయేలా తలుపుల్లేని అరలో పెట్టుకోండి.

ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తీసేశాం. అవి ఉంటే పిల్లలు చదువుతారు తప్ప వినరు. దీనికి ఒప్పుకోని తల్లిదండ్రులు ఉంటారు, నాకైతే అనుమానం లేదు. రిమోట్ నానమ్మ చేతిలో ఉంటుంది. పిల్లలు "అంటే ఏంటి?" అనగానే ఆవిడ సినిమా ఆపి విడమరిచి చెబుతుంది. ఒక్కోసారి ఆ మాట వెంట ఊళ్లో ఎవరిదో కథ కూడా వస్తుంది, సినిమా మర్నాటికి వాయిదా పడుతుంది. ఈమధ్య మా అమ్మాయి, నానమ్మ ఆపకముందే తమ్ముడికి అర్థం చెప్పేస్తోంది. తప్పయితే తాతయ్య సరిదిద్దుతారు.