ఆర్బ్వాలో పాశ్చర్ దంపతుల ఇల్లు

ఫ్రాన్స్ తూర్పు భాగంలో, జురా కొండల పాదాన ద్రాక్షతోటల నడుమ ఉన్న ఆర్బ్వా అనే చిన్న ఊరికి నేను వెళ్లింది లూయీ పాశ్చర్ ప్రయోగశాలను చూడడానికే. అయితే క్యూయిజాన్స్ ఏటి ఒడ్డున ఉన్న ఆ ఇంట్లో తిరుగుతున్నకొద్దీ నా మనసు ఆయన భార్య మరీ లోరాన్ మీదికి మళ్లింది. తోళ్లు పదునుచేసి బతికిన తండ్రి అనంతరం ఆ ఇల్లు పాశ్చర్ చేతికి వచ్చింది. దాన్ని పెంచి కట్టించి, పై అంతస్తులో ప్రయోగశాల పెట్టుకున్నారు. సెలవులకు కుటుంబమంతా పారిస్ నుంచి ఇక్కడికే వచ్చేది గనుక ఆ సెలవుల్లోనూ మరీకి సంసారమూ శాస్త్రమూ ఒకే కప్పు కింద నడిచాయి.

1849లో స్ట్రాస్‌బూర్గ్‌లో రసాయనశాస్త్రం బోధించడానికి చేరిన కొద్ది వారాలకే పాశ్చర్, అక్కడి విద్యాపీఠం అధిపతి అయిన లోరాన్ గారికి పిల్లనిమ్మని ఉత్తరం రాశారు. తనకు ఆస్తిపాస్తులు లేవనీ, ఉన్నవల్లా మంచి ఆరోగ్యం, మంచి మనసు, ఉద్యోగం మాత్రమేననీ అందులో దాచకుండా చెప్పుకున్నారు. మే 29న పెళ్లయింది. అప్పటినుంచి ఆయన చెబుతుంటే రాసిపెట్టడం, పనిలో వచ్చిన చిక్కులను ఓపికగా వినడం ఆమె వంతయ్యాయి. 1865 నుంచి అలేస్ ప్రాంతంలో పట్టుపురుగుల తెగులును పరిశోధించినప్పుడు ఆమె, కూతురు మరీ లూయీజ్ పురుగులను పెంచడంలోనూ గుడ్లను ఏరడంలోనూ చేయందించారు. 1868లో పక్షవాతంతో ఆయన ఎడమవైపు చచ్చుబడిన తరువాత ఆమె తోడు మరింత అవసరమైంది.

ఊరి శ్మశానంలో ఎక్కువసేపు గడిపాను. ఈ దంపతుల ఐదుగురు సంతానంలో ముగ్గురు ఆడపిల్లలు అక్కడే ఉన్నారు. 1859లో జాన్ తొమ్మిదేళ్లకు, 1865లో కమీల్ రెండేళ్లకు, 1866లో సెసీల్ పన్నెండేళ్లకు పోయారు. జాన్‌నూ సెసీల్‌నూ తీసుకుపోయింది టైఫాయిడ్. దాని సూక్ష్మజీవి కనబడింది 1880లో, టీకా వచ్చింది 1896లో, అంటే పాశ్చర్ మరణించిన మరుసటి ఏడు. పిల్లల మరణాలే ఆయనను సూక్ష్మజీవుల వైపు నడిపించాయని చెప్పడం సులభమే గాని, పాలు పులియడానికి సూక్ష్మజీవులే కారణమన్న ఆయన పరిశోధన 1857లోనే వెలువడింది కాబట్టి నేను అంత సూటిగా ముడిపెట్టను. ఆ దుఃఖంలోనూ ఇద్దరూ పని ఆపలేదన్నది మాత్రం నన్ను కదిలించింది.

1885 జులైలో పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే బాలుడికి టీకా వేయిస్తున్న రోజుల్లో, మీ నాన్నగారికి ఈ రాత్రి కూడా నిద్ర ఉండదని ఆమె పిల్లలకు రాశారు. మన పల్లెల్లో పెద్దలు తలచుకునే బొడ్డుచుట్టు సూదులు, 1907లో కూనూరులో వెలసిన పాశ్చర్ సంస్థ, ఆ ఆందోళన నిండిన రాత్రుల నుంచి వచ్చినవే. 1884లో తమ పెళ్లిరోజున ఆమె కూతురికి రాసిన ఉత్తరంలో, ఆయన ఎప్పటిలాగే తక్కువ మాట్లాడి, తక్కువ నిద్రపోయి, తెల్లవారగానే లేస్తున్నారనీ, ముప్ఫై అయిదేళ్ల కిందట తాను మొదలుపెట్టిన జీవితమే సాగుతోందనీ అన్నారు. అందులో నాకు ఫిర్యాదు వినిపించలేదు.

1910లో మరణించిన ఆమెను పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో, భర్త సమాధి ఉన్న గదిలోనే ఉంచారు. పిల్లలు మాత్రం ఆర్బ్వాలోనే ఉన్నారు గనుక, ఈ దంపతులను తెలుసుకోదలచినవారు పారిస్‌తో ఆగిపోకుండా ఇక్కడిదాకా రావాలని నా కోరిక.