ఎన్‌డాండా మిషన్ ఆసుపత్రిలో నా పునర్జన్మ

పలాస జీడి ఫ్యాక్టరీలకు టాంజానియా పిక్కలు కావాలి. అక్కడ దక్షిణాన అక్టోబరులో వేలాలు మొదలవుతాయి. ఆ ప్రాంతంలోని మసాసీ గోదాముల్లో బస్తాల నుంచి పిక్కలు తీసి, కోసి, పప్పు నాణ్యత తేల్చడం నా పని. ఆ సీజనులోనే చలిజ్వరం పట్టుకుంది. రక్తపరీక్షకు పంపమని మా మేనేజరును అడిగాను. "ఇక్కడ జ్వరం రానివాడెవడు? వేలం కానివ్వండి" అన్నాడు. ఒక చిన్న క్లినిక్‌లో పారాసిటమాల్ ఇచ్చి పంపేశారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మర్నాడు ఫిట్స్ వచ్చి గోదాములోనే పడిపోయానట. ఒక లారీ డ్రైవరు ఎవరి అనుమతీ అడగకుండా నన్ను ఎన్‌డాండాలోని బెనెడిక్టైన్ అనే క్రైస్తవ సన్యాసుల మిషన్ ఆసుపత్రికి చేర్చాడు. అతనికి జన్మంతా రుణపడి ఉంటాను. ఫాల్సిపారం మలేరియా మెదడుకు ఎక్కిందని, ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు ఇచ్చారని తర్వాత కాగితాలు చూసి తెలుసుకున్నాను.

నాకు గుర్తున్నది ఒక్క రాత్రి. దోమతెర కిందికి దిగి ముఖానికి అంటుకుని ఊపిరి ఆపేస్తున్నట్టు అనిపించింది. చించేయబోయాను. నా కూతురి పేరు గుర్తు రాలేదు. ముఖం కనిపిస్తోంది, జడ కనిపిస్తోంది, పేరు మాత్రం లేదు. చావు కంటే అదే ఎక్కువ భయపెట్టింది. తెల్లటి దుస్తుల్లో ఒక సిస్టర్ పక్కనే ఉంది. ఈ జబ్బులో రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పడిపోతుంది. ఆమె నా వేలు గుచ్చి చుక్క రక్తం చూసి, గ్లూకోజు ఎక్కించి, కాసేపటికి మళ్లీ గుచ్చేది. మధ్యలో నా చేతులు రెండూ పట్టుకుని కూర్చునేది. తెల్లవారుజామున పేరు గుర్తొచ్చింది. గట్టిగా అరిచాను. సిస్టర్ కూడా నాతో పాటు ఆ పేరు పలికింది.

అదే సమయంలో ఇక్కడ మా ఊళ్లో పెద్దమామయ్య మా ఆవిడతో అన్న మాట: "మిషన్ ఆసుపత్రిలో పడ్డాడా? బతికితే మెడలో సిలువ వేసుకుని దిగుతాడులే అమ్మా." ప్రాణం ఉందో పోయిందో తెలియని మనిషి భార్యతో అనవలసిన మాటేనా? అక్కడ నా మతం ఎవరూ అడగలేదు. మా ఆవిడ అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కుకుని, ఫోనులో ఆదిత్యహృదయం చదువుతుంటే, ఆ ఫోను నా చెవి దగ్గర పట్టుకున్నది ఆ సిస్టరే.

కోలుకున్నాక మఠంలోని ఒక పెద్ద వయసు బ్రదర్ రోజూ వచ్చి కూర్చునేవారు. ఆండ్రియాస్ అమ్రైన్ 1884లో జర్మనీలో ఈ మిషనరీ సన్యాసుల సమాజాన్ని మొదలుపెట్టారనీ, 1888లో వీళ్లు తూర్పు ఆఫ్రికాకు వచ్చారనీ ఆయనే చెప్పారు. వచ్చింది జర్మన్ వలస పాలన వెంట. ఆ సంగతి ఆయన దాచలేదు. 1905లో ఆ పాలన మీద 'మాజీ మాజీ' అనే పేరుగల తిరుగుబాటు లేచినప్పుడు బిషప్ కాసియన్ స్పిస్‌ను, ఆయన వెంట ఉన్న నలుగురినీ చంపేశారు. లుకులేడి మిషన్ నాశనమైంది. జర్మన్ సైన్యం పంటలు తగలబెట్టి, కరువు తెచ్చి ఆ తిరుగుబాటును అణచింది. అంత జరిగాక కూడా 1906లో ఎన్‌డాండా మొదలుపెట్టారు. సిస్టర్ టెక్లా స్టిన్నెస్‌బెక్ అనే డాక్టరు అక్కడ ఏళ్ల తరబడి రోగులను చూశారు. ఈ సన్యాసులు పాటించే పునీత బెనెడిక్ట్ నియమావళి 36వ అధ్యాయం, అన్నిటికంటే ముందు రోగుల సేవ, వారికి చేసేది క్రీస్తుకే చేసినట్టు అంటుందట. నేను క్రైస్తవుణ్ణి కాను, కానీ ఆ అధ్యాయం నిజమని నా చేతివేళ్లకు తెలుసు.

అటువైపు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. జ్వరం వచ్చిన రోజే మలేరియా పరీక్ష చేయించుకోండి, ఎవరు ఏమన్నా ఆగవద్దు. ఆర్టిసునేట్ పడ్డవాళ్లు ఇంటికొచ్చాక కూడా నాలుగు వారాల పాటు రక్తం చూపించుకోవాలి. కొందరికి ఆలస్యంగా ఎర్రకణాలు చితికిపోతాయి.

అరసవల్లి మొక్కు తీర్చుకున్నాం. ఎన్‌డాండాకు మా ఇద్దరి పేరా కొంత డబ్బు పంపాం. మామయ్య ఇంటికి నేనింకా వెళ్లలేదు. ఈ సీజనుకు కంపెనీ మళ్లీ పిలిచింది. ప్రతి గోదాములో మలేరియా పరీక్ష కిట్లు, ఆసుపత్రికి పంపడానికి ఒక బండి పెడితేనే వస్తానని రాసి ఇచ్చాను.